పల్సార్ రికార్డర్: పని భేష్, పచ్చలైటు మోసం

మా రేడియో టెలిస్కోపుకు కొత్తగా పెట్టిన పల్సార్ రికార్డర్‌ను నైట్ షిఫ్టుల్లో నడిపేది నేనే. పల్సార్ అంటే గిర్రున తిరుగుతూ క్రమం తప్పకుండా రేడియో పల్సులు పంపే నక్షత్రం. ముందు మంచి సంగతి. నక్షత్రాల మధ్య ఉన్న ఎలక్ట్రాన్ల వల్ల తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలు ఆలస్యంగా వస్తాయి కదా, ఆ సాగుడును దీని జీపీయూలు అప్పటికప్పుడే సరిచేసి, పల్సార్ పీరియడ్ (ఒక చుట్టు తిరిగే కాలం) ప్రకారం ఫోల్డ్ చేసి, అంటే పల్సులన్నిటినీ ఒకదాని మీద ఒకటి పేర్చి, 10 సెకన్లకో ఫైలు రాసేస్తాయి. షిఫ్టు మొదట్లో టెలిస్కోపును బి0329+54 అనే పల్సార్ వైపు తిప్పుతాను. పీరియడ్ 0.714 సెకన్లు, సిగ్నల్ బలమైనది. కాసేపట్లోనే ప్రొఫైల్ (పల్సు సగటు ఆకారం) తెర మీద లేచి నిలబడుతుంది. రాలేదంటే లోపం ఆకాశంలో లేదు, మన కేబుళ్లలో ఉంది.

టెన్షనంతా సిగ్నల్ని ఏమీ మార్చకుండా యథాతథంగా రాసే ముడి వోల్టేజీ మోడ్‌తోనే. 400 మెగాహెర్ట్జ్ బ్యాండ్, రెండు పోలరైజేషన్లు, 8 బిట్లు అంటే సెకనుకు 1.6 గిగాబైట్లు. గంటకు దాదాపు 5.8 టెరాబైట్లు! డిస్క్ నిండుతోందన్న హెచ్చరికేమో ఓ మూల బూడిదరంగు అక్షరాల్లో ఉంటుంది. డేటా ప్యాకెట్లు దారిలో పోతే అదీ లేదు, లాగ్‌లో మనమే వెతుక్కోవాలి. ఈ స్క్రీన్ తయారుచేసినవాళ్లను ఒక్కసారి రాత్రి మూడింటికి దీని ముందు కూర్చోబెట్టాలి.

అంతకన్నా చిరాకు పెట్టేది 1పీపీఎస్ (సెకనుకో టిక్ ఇచ్చే గడియారపు సిగ్నల్) సింక్. రికార్డింగ్ సరిగ్గా సెకను అంచు మీద మొదలవ్వాలి. సింక్ తప్పినా పచ్చలైటు వెలుగుతూనే ఉంటుంది. మిల్లీసెకండ్ పల్సార్ల (సెకనుకు వందలసార్లు తిరిగేవి) టైమింగ్ చేసేవాళ్లకు ఒక్క మైక్రోసెకను తేడా కూడా ఎక్కువే. అందుకే మా అణు గడియారమైన హైడ్రోజన్ మేసర్‌కూ జీపీఎస్‌కూ ఉన్న సమయ తేడా చూసుకున్నాకే స్టార్ట్ నొక్కుతాను.

నాయిస్ డయోడ్ కాలిబ్రేషన్ (తెలిసిన సిగ్నల్ పంపి కొలత సరిచూసుకోవడం) మాత్రం ఒక్క క్లిక్కుతో అయిపోతుంది. ఐదుకు మూడున్నర స్టార్లు.