మరాకేష్ డిన్నర్ షోనా, జాతరలో తబూరిదానా?

మొరాకోలో తబూరిదా, అంటే రౌతులు వరసగా దూసుకొచ్చి తుపాకులు పేల్చే గుర్రాల విన్యాసం, చూడాలంటే రెండు దారులున్నాయి. మరాకేష్ బయట షే అలీ లాంటి చోట అయితే టెంట్‌లో కూర్చుంటే చాలు, హరీరా సూప్, మటన్ మెష్వీ, కుస్కుస్ వరసగా వస్తాయి, తిన్నాక మైదానంలో గుర్రాలు, తుపాకుల మోత, పిల్లలు పెద్దవాళ్ళతో వెళ్తే ఇదే హాయి.

కానీ గుర్రాల కోసమే వెళ్తుంటే నా ఓటు ఆగస్టులో ఎల్ జదీదా దగ్గర జరిగే మౌలే అబ్దల్లా జాతరకే. ఎండ, దుమ్ము, జనం, తిండి మనమే చూసుకోవాలి, అయినా అసలు తబూరిదా అక్కడే అండి! రౌతులంతా ఒకే వరసలో దూసుకొచ్చి, మధ్యలో ఉన్న మొకద్దెం (జట్టు నాయకుడు) కేకకి అందరూ ఒక్కసారే పేల్చాలి, ఒక్క తుపాకి వెనకబడినా జనం ఇట్టే పట్టేస్తారు. 2021లో యునెస్కో జాబితాకెక్కింది ఈ కళే. చిన్నపిల్లలుంటే మాత్రం చెవులకి దూది తప్పనిసరి.