స్పైరల్ విప్పాకే పనికొచ్చిన కెమిస్ట్రీ లెక్కల పుస్తకం

హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక జిరాక్స్ సెంటర్లో 380 రూపాయలు పెట్టి కొన్న పుస్తకం ఇది. రెండు భాగాలు, నీలం అట్ట, నల్ల ప్లాస్టిక్ స్పైరల్. అట్ట మీద ఎవరి పేరూ లేదు. ఎవరో ఎప్పుడో చదివిన కోచింగ్ మెటీరియల్‌కి జిరాక్స్, ఆ జిరాక్స్‌కి ఇంకో జిరాక్స్ అయి నా చేతికొచ్చింది. మోల్ కాన్సెప్ట్ నుంచి ఎలక్ట్రోకెమిస్ట్రీ దాకా అన్నీ లెక్కలే, థియరీ ఒక్క ముక్క ఉండదు. ఇంటర్ సెకండియర్ సగంలో మొదలుపెట్టి, లాంగ్ టర్మ్ ఏడాదంతా నయీంనగర్ హాస్టల్ గదిలో దీని మీదే కూర్చున్నా. నీట్, ఎప్‌సెట్ రెండూ రాశా. ఇప్పుడు బీఫార్మసీ చదువుతున్నా, కాబట్టి ర్యాంకు ఎంతో అడక్కండి.

ముందు మంచి చెప్తా. లెక్కలు బోలెడు, తేలిక నుంచి కష్టానికి మెట్లెక్కినట్టు పోతాయి. నాలాగా పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, తుల్యభారం అంటే తెలిసి ఈక్వివలెంట్ వెయిట్ అనగానే బిక్కమొహం వేసేవాళ్లకి మొదటి 60 పేజీలు నిజంగా ఆసరా. పరీక్షలో క్యాలిక్యులేటర్ ఉండదు కదా, ఇందులోనూ లాగ్ 2 అంటే 0.3010, లాగ్ 3 అంటే 0.4771, ఈ రెంటితోనే దాదాపు అన్నీ లాక్కురావాలి. రెండు నెలలకి నా చేయి దానంతట అదే కూడికలు చేసుకుపోయేది. కాకపోతే సోడియం హైడ్రాక్సైడ్ ఎప్పుడు ఇచ్చినా 4 గ్రాములో 8 గ్రాములో ఇస్తాడు, 40తో భాగించగానే ముద్దుగా తెగిపోతుంది. జేఈఈ రాసేవాళ్లకి ఈ అలవాటు మంచిది కాదు.

ఇక ప్రింటు. జిరాక్స్‌కి జిరాక్స్ కాబట్టి ఘాతంలో మైనస్ గుర్తులు కొన్నిచోట్ల ఎగిరిపోయాయి. ఎసిటిక్ ఆమ్లం కెఏ విలువ (ఆమ్లం ఎంత బలమైందో చెప్పే అంకె) 1.8×10⁵ అని చూసి అరగంట కుస్తీ పట్టాను. అక్కడ ఉండాల్సింది 10⁻⁵.

వెనక జవాబుల కీలో తప్పులున్నాయి. చివరి పేజీలో రాసుకుంటూ పోతే 41 తేలాయి. ఒకటి ఇప్పటికీ గుర్తు: 1 మోల్ ఫెర్రస్ ఆక్సలేట్‌ను ఆమ్ల మాధ్యమంలో పూర్తిగా ఆక్సీకరణం చేయడానికి ఎన్ని మోల్స్ పర్మాంగనేట్ కావాలి? కీలో 0.4. నాకేమో ప్రతిసారీ 0.6 వస్తోంది. పక్క మంచం అమ్మాయి "కీ తప్పెందుకుంటదే, నువ్వే ఏదో మర్చిపోయినవ్" అంది. మూడోసారి కూర్చున్నాక అర్థమైంది, మర్చిపోయింది కీ రాసినాయన. ఆక్సలేట్ నుంచి రెండు ఎలక్ట్రాన్లు పోతాయి సరే, ఫెర్రస్ కూడా ఫెర్రిక్ అవుతూ ఒకటి వదులుతుంది కదా. మొత్తం మూడు, పర్మాంగనేట్ తీసుకునేది అయిదు. మూడు బై అయిదు. ఆ రాత్రి నేనిచ్చిన బిల్డప్‌కి హాస్టల్ ఆంటీ వచ్చి లైటు ఆర్పించింది.

దీనికంటే చికాకు పెట్టింది 22.4, 22.7 గొడవ. 8 గ్రాముల ఆక్సిజన్ ఎస్‌టీపీ (లెక్కల కోసం ఖాయం చేసుకున్న ఉష్ణోగ్రత, పీడనం) దగ్గర ఎన్ని లీటర్లు అంటే ఒక చాప్టర్లో 5.6, ఇంకో చాప్టర్లో 5.675. రెండూ తప్పు కాదు. పీడనం 1 అట్మాస్ఫియర్ అనుకుంటే మోల్‌కి 22.4 లీటర్లు, 1 బార్ అనుకుంటే 22.7. కెమిస్ట్రీకి ప్రమాణాలు పెట్టే అంతర్జాతీయ సంస్థ ఐయూపాక్ 1982లోనే 1 బార్‌కి మారింది, మన మెటీరియల్లో మాత్రం పాతదీ కొత్తదీ పక్కపక్కనే కాపురం చేస్తాయి. ఎక్కడా ఒక్క వాక్యం చెప్పడు. ఇది తెలియక నెల రోజులు నా లెక్కలే తప్పనుకుని తిరిగా.

అసలు లోపం వేరే. ప్రతి చాప్టర్నీ మోడల్ 1, మోడల్ 2 అని విడగొట్టాడు, పైన హెడ్డింగ్ పెట్టాడు, కింద అదే రకం లెక్కలు పాతిక. మూడోది దాటాక చదవక్కర్లేదు, అంకెలు ఏరుకుని ఫార్ములాలో పడేస్తే చాలు. పాతికకి పాతిక వస్తే ఎవరికి సంతోషం ఉండదు? ఒక గ్రాండ్ టెస్టులో ఇలా వచ్చింది: 0.2 మోలార్ ఎసిటిక్ ఆమ్లం 250 మి.లీ.కి, 0.2 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ 150 మి.లీ. కలిపితే పీహెచ్ ఎంత? నేను ఆమ్లం 50 మిల్లీమోల్స్‌లోంచి క్షారం 30 తీసేశా, మిగిలిన 20 మిల్లీమోల్స్‌ని 400తో భాగించా, 0.05, పీహెచ్ 1.3. ఆప్షన్లలో 1.3 ఉంది కూడా. హాయిగా పెట్టేశా. హైడ్రోక్లోరిక్ ఆమ్లమైతే అది కరెక్టే. ఇది బలహీన ఆమ్లం, 30 మిల్లీమోల్స్ లవణం తయారై బఫర్ (పీహెచ్‌ని పెద్దగా కదలనివ్వని మిశ్రమం) అయి కూర్చుంది. ఎసిటిక్ ఆమ్లం కెఏ నుంచి వచ్చే 4.74కి లాగ్ 1.5 (30 బై 20) కలపాలి, 4.92. బఫర్ మోడల్లో ఇలాంటివి నేను 30 చేసి ఉంటా. పైన "బఫర్" అని రాసి లేకపోయేసరికి గుర్తుపట్టలేదు, అంతే.

హాస్టల్‌కి వచ్చి స్పైరల్ తిప్పి తిప్పి ఊడబీకాను. పేజీలన్నీ మంచం మీద పరిచి, పేకముక్కల్లా కలిపి, హెడ్డింగులున్న చోట మార్కర్‌తో నల్లగా గీసేశా. మళ్లీ అదే సెంటర్లో 40 రూపాయలిచ్చి బైండింగ్ చేయించా. "వరుస తప్పింది, చూస్కోమ్మా" అన్నాడు ఆయన. తెలుసన్నా. మొదటి వారం పాతికకి 11 వచ్చాయి, ఏడుపొచ్చింది. ఒక లెక్క గతిశాస్త్రం, తర్వాతది మొలాలిటీ, ఆ తర్వాతది వాయువులు. ప్రతిదానికీ "ఇదసలు ఏం అడుగుతోంది" అని ఆగాల్సొచ్చేది. మూడో నెలకి 19, 20 దగ్గర నిలబడ్డా. ఎప్‌సెట్లో 160 బిట్లకి 180 నిమిషాలు, కెమిస్ట్రీవి 40. నెగెటివ్ లేదు కాబట్టి అక్కడ ఈ పద్ధతి బాగానే గట్టెక్కించింది. నీట్లో తప్పుకి ఒక మార్కు కోత, నాకు అసలు దెబ్బ ఫిజిక్స్‌లో తగిలింది, దాని కథ వేరు.

కొనొచ్చా అంటే, కొనండి, మొదటి విడత వరుసలోనే చేయండి, కీని నమ్మకండి, తర్వాత స్పైరల్ విప్పండి. కుట్టు బైండింగ్ ఉన్న కాపీ అయితే వద్దు. ఇన్ఆర్గానిక్, ఆర్గానిక్‌కి ఇది దేనికీ పనికిరాదు.

నా కాపీని పరకాలలో ఉండే చిన్నమ్మ కొడుక్కి ఇచ్చా. రెండు రోజులకి ఫోన్ చేశాడు. "అక్కా, పేజీలన్నీ కలిసిపోయినయి. ఆదివారం పొద్దంతా కూసోని నంబర్ల ప్రకారం మల్ల సర్దిన."