‘1984 రేసు బోటు’ ప్రకటన చూశారా? ఆ ఇత్తడి పలకని నమ్మి డబ్బు కట్టకండి

ఈ ఉదయం ఆ ప్రకటన మళ్ళీ కనిపించింది. పడవ వేరు, రంగు వేరు. డ్యాష్‌బోర్డు మీద బిగించిన ఇత్తడి పలక మాత్రం అదే. నిన్న సాయంత్రం దాకా అది నేను కొన్న పడవ మీద ఉంది.

ఇంగ్లండ్ దక్షిణ తీరంలో పాత రేసు బోట్ల కోసం వెతికే మనవాళ్ళు కొంతమంది ఉన్నారని నాకు తెలుసు. అందుకే ఆగకుండా రాస్తున్నాను. రాత్రి నిద్ర లేదు, కోపం తగ్గలేదు, ముందువెనకలు కలిసిపోతే మన్నించండి. నాకు పడవ అమ్మినవాడి పేరు రాయను. సౌతాంప్టన్ దగ్గరి హాంబుల్ నది చుట్టుపక్కల యార్డుల్లో తిరిగినవాళ్ళకి ఎవరి గురించి చెప్తున్నానో ఈపాటికే అర్థమై ఉంటుంది.

సంగతి క్లుప్తంగా చెప్తాను. మూడు వారాల క్రితం 28 అడుగుల పాత కాటమరాన్ కొన్నాను, అంటే పక్కపక్కన రెండు హల్స్ (నీటి మీద తేలే అడుగుభాగాలు) ఉండే పడవ. ఇంజిన్లు లేవు, ట్రైలర్ ఉంది. 9,500 పౌండ్లు, మన డబ్బుల్లో పది లక్షల పైనే. 1984లో ఇక్కడి సముద్రంలో జరిగే కౌజ్–టార్కీ మోటారు పడవల రేసులో పరుగెత్తిందనీ, రేసు పడవలు కట్టే కౌగర్ మెరీన్ కంపెనీ వాళ్ళు కట్టిన పడవ అనీ చెప్పాడు. ఒక పాత ఫోటో చూపించాడు. పలక మీద రేసు పేరు, ఏడాది చెక్కి ఉన్నాయి. సాయంత్రం నాలుగింటికి పూల్ అనే ఊరి నుంచి ఇంకొకాయన డబ్బుతో వస్తున్నాడని చెప్పాడు. నేను మూడున్నరకే డబ్బు పంపేశాను.

ఎందుకంత తొందరపడ్డానో నాకు తెలుసు. 2018 నవంబరులో విజయవాడలో కృష్ణ మీద ఎఫ్1 హెచ్2ఓ పడవల పోటీ జరిగినప్పుడు నేను పున్నమి ఘాట్ దగ్గర నిలబడి చూశాను. టీమ్ అమరావతి అని మన ఊరి పేరుతో పడవలు దిగాయి. అవి కూడా కాటమరాన్లే. పొడవు ఆరు మీటర్లు, బరువు నాలుగు వందల కిలోల లోపు, వెనక 400 హార్స్‌పవర్ ఇంజిన్. మలుపు తిరిగేటప్పుడు పడవ నీళ్ళ మీద ఉందా గాల్లో ఉందా అని అర్థం కాలేదు. నిజానికి రెండూను. రెండు సన్నటి హల్స్ మధ్య ఖాళీలోకి గాలి దూరి పడవ బరువులో కొంత మోస్తుంది, నీటి రాపిడి తగ్గుతుంది, అందుకే ఆ వేగం. ముక్కు కాస్త ఎక్కువ లేచిందంటే అదే గాలి పడవని వెనక్కి తిరగేస్తుంది. కాటమరాన్ అన్న మాట కూడా మన తీరాల నుంచి పోయిందే, తమిళంలో కట్టుమరం, మన జాలర్లు తెప్ప అంటారు. దుంగలు తాళ్ళతో కట్టిన తెప్ప పేరు మోసుకుంటూ ఈ పడవలు గంటకి రెండు వందల కిలోమీటర్లు దాటి పోతుంటే నాకు ఒళ్ళు పులకరించింది. సౌతాంప్టన్ వచ్చిన దగ్గర్నుంచి ఒక పాతది కొని, బాగుచేసి, దాని పేరు దానికి మళ్ళీ రాయాలని అనుకుంటూనే ఉన్నాను.

నిన్న శనివారం పడవల్ని పరీక్షించే సర్వేయర్ వచ్చాడు. కొనకముందు రావాల్సిన మనిషి. ఐదొందల పౌండ్లు మిగులుతాయని నేనే పిలవలేదు. ట్రాన్సమ్, అంటే ఇంజిన్లు బిగించే వెనక చెక్క, దాని దగ్గర తేమ మీటర్ పెడితే ముల్లు చివరిదాకా వెళ్ళింది. దానికి నేను సిద్ధపడే ఉన్నాను, పాత పడవకి అది మామూలే. తర్వాత ఆయన టార్చి పక్కవాటుగా పట్టుకుని ట్రాన్సమ్ కుడివైపు పైమూల చాలాసేపు చూశాడు. రంగు కింద ఎవరో గ్రైండర్‌తో అరగదీసిన చోట అక్షరాల నీడ లాంటిది ఉంది. మొదట్లో ఉన్నవి పోయాయి. చివర మాత్రం మిగిలాయి: సి అనే అక్షరం, తర్వాత 303.

ఇది తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. 1998 జూన్ తర్వాత యూరప్‌లో అమ్మకానికి వచ్చిన షికారు పడవలకి 14 అక్షరాల హల్ నంబరు ఉండాలి, అది ట్రాన్సమ్ కుడివైపున ఉంటుంది. చివరి నాలుగింటిలో మొదటి అక్షరం కట్టిన నెల, తర్వాతి అంకె కట్టిన ఏడాది చివరి అంకె, ఆఖరి రెండు మోడల్ ఏడాది. సి303 అంటే 2003 మార్చి. 1984లో రేసు పరుగెత్తిందని నేను కొన్న పడవ పుట్టింది 2003లో.

నంబరు ఏదని కొనేరోజే అడిగాను. "రేసు బోట్లకి నంబరు ఉండదు, పైగా ఇది పాతది" అన్నాడు. ఆ మాట నిజమే, మోసం అక్కడే ఉంది. రేసు కోసమే కట్టిన పడవలకి ఆ నిబంధన వర్తించదు, 1998 ముందు కట్టినవాటికీ లేదు. నేను ఇంటికొచ్చి చదివి, నిజమే కదా అని సంతృప్తి పడ్డాను. నంబరు లేకపోవడం వేరు, నంబరుని అరగదీయడం వేరు అని నాకు తట్టలేదు.

ఫోన్ చేస్తే ఇరవై నిమిషాల్లో వచ్చాడు. సంజాయిషీ చెప్పడానికి వస్తున్నాడేమో అనుకున్నాను. నాన్న కూడా అక్కడే ఉన్నారు, మా దగ్గర మూడు నెలలు ఉందామని వచ్చారు. పడవ ట్రైలర్ మీద ఉంది కాబట్టి ఎక్కడానికి నిచ్చెన వేశాం. నేను 303 గురించి చెప్తున్నంతసేపూ అతను నా ముఖం చూడలేదు. నిచ్చెన ఎక్కి లోపలికి వెళ్ళాడు, జేబులోంచి స్క్రూడ్రైవర్ తీశాడు. స్క్రూడ్రైవర్ ముందే తెచ్చుకున్నాడు. నాలుగు స్క్రూలు ఒక్కొక్కటే విప్పాడు. నేను కింద నిలబడి చూస్తున్నాను. ఏం చేస్తున్నావని అడగడానికి కూడా నాకు నోరు రాలేదు. పలక కోటు జేబులో పెట్టుకుని, "ఇది నాది, అమ్మకంలో లేదు. నువ్వు కొన్నది పడవ. రసీదు చదువుకో. రేసు అన్న మాట అందులో ఎక్కడుంది?" అన్నాడు.

లేదు. రసీదులో "రెండు హల్స్ ఉన్న పాత మోటారు పడవ, ఇంజిన్లు లేవు, ఉన్నది ఉన్నట్టు" అని మాత్రమే ఉంది. సంతకం పెట్టింది నేనే.

అతను దిగుతుంటే నాన్న వెళ్ళి నిచ్చెన పట్టుకున్నారు. పెద్దాయన పడిపోతాడేమో అని. దిగి, నాన్న వైపు తిరిగి, "మీ అబ్బాయికి ఇంగ్లిష్ చదవడం వచ్చు కదా?" అని అడిగాడు. నాన్నకి ఆ యాస అర్థం కాలేదు, నవ్వి తల ఊపారు. "ఏమంటున్నాడు రా?" అని నన్ను అడిగారు. "ఏం లేదు నాన్నా, తన సామాను ఒకటి మర్చిపోయాడంట, తీసుకెళ్తున్నాడు" అన్నాను. డబ్బు పోయినందుకు కాదు, ఆ అబద్ధం ఆడాల్సి వచ్చినందుకు నాకు రాత్రంతా కడుపు మండింది. నాన్నకి ఇప్పటికీ నిజం చెప్పలేదు.

ఒక పాత పడవ పేరుతో అబద్ధం ఆడితే ఏమైందని కొందరు అడగొచ్చు. ఈ పడవల వెనక మనుషులు ఉన్నారు. 1961లో మ్యాక్స్ ఎయిట్‌కెన్ కౌజ్–టార్కీ రేసు మొదలుపెట్టాడు, మొదటిసారి థండర్‌బోల్ట్ అనే పడవ మీద టామీ సాప్‌విత్ గెలిచాడు. అప్పట్నుంచి ఈ నీళ్ళలో నడుములు విరగ్గొట్టుకున్నవాళ్ళు ఎందరో. 1985లో అట్లాంటిక్ దాటే రికార్డు కోసం బయల్దేరిన వర్జిన్ అట్లాంటిక్ ఛాలెంజర్ 65 అడుగుల కాటమరాన్. దాన్ని కట్టింది ఈ హాంప్‌షైర్ తీరంలోని కౌగర్ మెరీన్ వాళ్ళే. సముద్రం దాదాపు దాటేశాక, ఇంగ్లండ్ నైరుతి కొసనున్న సిల్లీ దీవుల వైపు వచ్చేసరికి, నీళ్ళలో తేలుతున్నదేదో తగిలి మునిగిపోయింది. వర్జిన్ కంపెనీ అధిపతి రిచర్డ్ బ్రాన్సన్, టెడ్ టోల్‌మన్, చే బ్లైత్, మిగతావాళ్ళు అందరూ బతికి బయటపడ్డారు. అందరికీ ఆ అదృష్టం లేదు. 1990 అక్టోబరు 3న మొనాకో ముందున్న సముద్రంలో ఇటలీ రేసర్ స్టెఫానో కాసిరాగీ కాటమరాన్ తిరగబడి ఆయన చనిపోయాడు. అప్పటికి వయసు 30, అంతకుముందు ఏడాది ప్రపంచ ఛాంపియన్.

రేసు పడవలకి నిండు ముసలితనం అరుదు. మునిగిపోతాయి, కాలిపోతాయి, ఇంజిన్లు పీక్కుని హల్‌ని యార్డు మూల వదిలేస్తారు, చివరికి కోసి పారేస్తారు. ఆ ఫోటోలోని పడవ గతి కూడా ఇలాంటిదే అయి ఉంటుందని నాకు అనిపిస్తోంది. దాని పేరు మాత్రం ఇతను నట్టులు, బోల్టులు అమ్మినట్టు ఒక్కో పడవకీ తగిలిస్తున్నాడు. ఆ ఫోటోని నిన్న రాత్రి పెద్దది చేసి చూశాను. అందులో కాక్‌పిట్ వెనక గాలి లోపలికి తీసుకునే గొట్టాలు రెండు ఉన్నాయి. నా పడవ డెక్కు మీద వాటికి చోటే లేదు, పూడ్చిన గుర్తు కూడా లేదు. మూడు వారాల క్రితం ఫోటో చేత్తో పట్టుకుని పడవ పక్కనే నిలబడ్డాను. అప్పుడు నా కళ్ళు పలక మీదే ఉన్నాయి.

కొనేవాళ్ళకి చెప్పగలిగింది ఇంతే. సర్వే కాకుండా ఒక్క పౌండు కూడా ఇవ్వకండి. నంబరు ఉండాల్సిన చోట రంగు కొత్తగా ఉంటే చేత్తో తడిమి చూడండి. మన దగ్గర బండికి ఆర్సీ ఉన్నట్టు ఇక్కడ తీరం వెంట సముద్రంలో తిరిగే షికారు పడవకి తప్పనిసరి రిజిస్ట్రేషన్ లేదు, కాబట్టి పాత యజమానుల రసీదులు వరసగా అడగండి. రేసు అన్న మాట, ఏడాది, కట్టినవాళ్ళ పేరు మీ రసీదులో రాయించండి. రాయనంటే వచ్చేయండి. ప్రకటనని ఆ రోజే ఫోన్‌లో దాచుకోండి. నేను దాచలేదు, నిన్న రాత్రికి అతను తీసేశాడు.

వాట్సాప్ మెసేజులు మాత్రం ఉన్నాయి. "1984 రేసు బోటు, గ్యారంటీ" అని అతనే రాశాడు. సొంతంగా అమ్ముకునేవాళ్ళయినా సరే, చెప్పిన వర్ణనకి వస్తువు సరిపోవాలని 1979 నాటి సరుకుల అమ్మకం చట్టం చెప్తోంది. పది వేల పౌండ్ల లోపు కాబట్టి చిన్న క్లెయిముల కోర్టుకి వెళ్ళొచ్చు. సోమవారం ఉత్తరం పంపుతున్నాను, 14 రోజులు గడువు ఇస్తాను.

ఈలోగా ఎవరైనా ఆ కొత్త ప్రకటన చూసి పడవ దగ్గరికి వెళ్తుంటే, ముందు పలక కింది ఎడమ మూల చూడండి. గోరంత సొట్ట ఉంటుంది, దాని పక్కన ‘8’ అంకెలో గీత పడి ఉంటుంది. నా పడవ మీద ఉన్నప్పుడు తీసిన ఫోటోలు, ఇప్పుడు మిగిలిన నాలుగు స్క్రూ రంధ్రాల ఫోటోలు నా దగ్గర ఉన్నాయి. అడిగితే ఏ టైమ్‌లో అయినా పంపిస్తాను.