బెండ్ చేసిన టీఆర్-505: స్విచ్చులన్నీ ఆపి విన్నాకే బేరం

1986లో వచ్చిన రోలండ్ టీఆర్-505 మామూలుగా వింటే అంత గొప్ప డ్రమ్ మెషీనేం కాదు. పదహారు శాంపిల్ (ముందే రికార్డు చేసి దాచిన) శబ్దాలు, వాటి పిచ్ (శ్రుతి) మార్చే వీల్లేదు, కిక్ డ్రమ్ కాస్త పలచన. సర్క్యూట్ బెండింగ్ చేసేవాళ్లకి, అంటే మెషీన్ లోపల అదనపు వైర్లు, స్విచ్చులు పెట్టి వింత శబ్దాలు రాబట్టేవాళ్లకి, మాత్రం ఇదంటే ఇష్టం. రోలండ్‌వే అయిన పేరున్న డ్రమ్ మెషీన్లు 808, 909లతో పోలిస్తే చవక. పైగా శబ్దాలు దాచిన రోమ్ చిప్ కాళ్లను ఒకదానికొకటి కలిపితే చాలు, కౌబెల్ కాస్తా స్టీలు గిన్నె మెట్ల మీంచి దొర్లినట్టు మోగుతుంది. ఆ పని బాగా చేసిన 505 నిజంగా కొనదగ్గదే. చిక్కల్లా సెకండ్ హ్యాండ్‌లో వచ్చే వాటిలో చాలావరకు ఆ పని బాగా చేసి ఉండకపోవడం.

ముందు అడాప్టర్ చూడండి. దీనికి కావలసింది 9 వోల్టుల డీసీ, లోపలి పిన్ను మైనస్. మన దగ్గర దొరికే మామూలు అడాప్టర్లలో లోపలిది ప్లస్, కాబట్టి గుర్తు చూడకుండా గుచ్చొద్దు. లేదా ఆరు పెన్సిల్ సెల్స్ వేసి పరీక్షించండి. సెల్స్ పెట్టే చోట తెల్లటి పొడి కనిపిస్తే పాత సెల్స్ కారాయన్నమాట. వెనిగర్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో తుడిచి, ఆపైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేయాలి.

ఇప్పుడు బెండ్ స్విచ్చులన్నీ ఆపేసి పదహారు శబ్దాలూ ఒక్కొక్కటే వాయించండి. అమ్మేవాళ్లు స్విచ్చులు వేసి చూపిస్తారు, మనకు కావలసింది ఆపినప్పటి సంగతి. స్విచ్చులు ఆపినా అన్ని శబ్దాల్లోనూ ఒకే రకం గరగర ఉంటే డేటా లైన్ (చిప్ నుంచి శబ్దాన్ని మోసుకొచ్చే దారి) ఏదో ఇరుక్కుంది. స్నేర్ కొడితే టామ్ పలికితే పై అడ్రస్ లైన్ల (ఏ శబ్దం తీయాలో చిప్‌కు చెప్పే దారుల) మీద అనుమానం. ఒక్క ఎడమ లేదా కుడి అవుట్‌పుట్ మాత్రమే నీరసంగా ఉంటే బెండింగ్ జోలికే పోనక్కర్లేదు, అది జాక్ దగ్గర డ్రై సోల్డరో (సరిగ్గా అతకని సోల్డర్), ముసలైపోయిన ఎలక్ట్రోలిటిక్ కెపాసిటరో. కెపాసిటర్ మారిస్తే అదే మైక్రోఫారడ్ విలువ, వోల్టేజి అంతే లేదా ఎక్కువ. బటన్ నొక్కితే పలకని శబ్దం బయటినుంచి మిడి (వాయిద్యాలు ఒకదానికొకటి సంకేతాలు పంపుకునే పద్ధతి) నోట్ పంపితే పలికిందా? అయితే చిప్ బాగున్నట్టే, బటన్ కాంటాక్ట్ తుడవండి.

మూత తీశాక అసలు కథ మొదలవుతుంది. పవర్ ఆపి, మల్టీమీటర్‌ను బీప్ మోడ్‌లో పెట్టి రోమ్ చిప్ పక్కపక్క కాళ్ల మధ్య చూడండి. ఎక్కడైనా బీప్ వస్తే అక్కడ సోల్డర్ అంటుకుందా, ట్రాకే (బోర్డు మీది రాగి గీత) అలా వేశారా అన్నది భూతద్దంతో తేల్చుకోవాలి. ఏమీ దొరక్కపోతే బెండ్ వైర్లన్నీ చిప్ వైపు నుంచి విప్పేయండి. స్విచ్ వైపు విప్పితే లాభం లేదు. వేలాడే పొడవాటి వైరే పక్క లైన్ల సిగ్నల్‌ను లాగుతుంది, స్విచ్ ఆపి ఉన్నా మెషీన్ హ్యాంగ్ అవడానికి అదీ ఒక కారణం. వైర్లు విప్పాక శబ్దం శుభ్రంగా వస్తే ఒక్కొక్కటే తిరిగి కలుపుతూ దొంగను పట్టుకోవచ్చు. సోల్డరింగ్ ఐరన్ 350 డిగ్రీల సెల్సియస్ దాటనివ్వొద్దు, కాలుకు రెండు మూడు సెకన్లు చాలు. ఇంత పాత బోర్డుల మీద ట్రాక్ ఇట్టే లేచిపోతుంది.

తర్వాత పవర్ ఇచ్చి, రోమ్ చిప్ సప్లై కాలు దగ్గర 5 వోల్టులు చూడండి. 4.75 కన్నా తగ్గకూడదు. ఏ స్విచ్ వేస్తే అది కుంగుతుందో ఆ బెండ్‌ను తీసేయడమే మంచిది. రెండు లైన్లను నేరుగా కలిపినప్పుడు ఒకటి 5 వోల్టులకు, ఇంకొకటి సున్నాకు లాగుతాయి. ఆ పెనుగులాటలో కరెంటు పెరిగి చిప్ వేడెక్కుతుంది, కొన్నాళ్లకు పోతుంది. ప్రతి బెండ్ వైరులో చిప్ పక్కనే 1 కిలో ఓమ్ రెసిస్టర్ వేస్తే ఆ కరెంటు 5 మిల్లీ ఆంప్స్ దాటదు. కొన్ని బెండ్‌లు దాంతో మెత్తబడతాయి, అప్పుడు 470 ఓమ్‌లకు దిగొచ్చు. వైరు 15 సెంటీమీటర్లలోపు ఉండాలి. ఈ సామానంతా హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో దొరికేదే, ఖర్చు నామమాత్రం.

రెసిస్టర్లు లేకుండా, బారెడేసి వైర్లతో ఉన్న 505 చవగ్గా వస్తే, స్విచ్చులు ఆపినప్పుడు శుభ్రంగా పలుకుతుంటే, తీసుకుని మళ్లీ వైరింగ్ చేసుకోవచ్చు. ఆపినా పలకనిదాన్ని, అమ్మేవాళ్లు మూత తీయనివ్వనిదాన్ని వదిలేయండి. రోమ్ చిప్ పోతే అలాంటిదే కొత్తది విడిగా దొరకడం కష్టం.