హిమోగ్లోబిన్ ఒక్కటే చాలా, ఫెర్రిటిన్ కూడా చేయించాలా?

అనంతపురంలో రక్తపరీక్షకు వెళ్లే ఆడవాళ్లకు తరచూ వచ్చే సందేహమే ఇది. రెండూ ఐరన్ సంగతే చెబుతాయి, కానీ ఒకే మాట చెప్పవు.

ఖర్చు: హిమోగ్లోబిన్ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితం. ఫెర్రిటిన్‌కు ప్రైవేటు ల్యాబులో వందల్లో అవుతుంది.

శ్రమ: మొదటిదానికి వేలి కొసన రక్తపు చుక్క చాలు. రెండోదానికి చేతి నరం నుంచి తీయాలి.

ఏం తెలుస్తుంది: అసలు తేడా ఇక్కడే. ఐరన్ తగ్గేటప్పుడు ముందు కరిగేది నిల్వ, దాన్ని చూపేది ఫెర్రిటిన్. హిమోగ్లోబిన్ పడిపోయేది చివర్లో. గాదె ఖాళీ అయ్యాకే కదా వంటింట్లో డబ్బా ఖాళీ అయ్యేది! హిమోగ్లోబిన్ 12.2 ఉండి, ఫెర్రిటిన్ 9 ఉన్న మనిషిని 'రక్తం బాగానే ఉంది' అని పంపేయడం అన్యాయం. పెద్దవాళ్లలో ఫెర్రిటిన్ 15 లోపుంటే నిల్వ అడుగంటినట్టే.

పొరపాటు పడే చోటు: బి12, ఫోలేట్ విటమిన్ల లోపాలున్నా, తలసేమియా (పుట్టుకతో వచ్చే రక్తజబ్బు) ఉన్నా హిమోగ్లోబిన్ తగ్గుతుంది. జ్వరం, ఇన్ఫెక్షన్ ఉంటే ఫెర్రిటిన్ పెరిగి లోపాన్ని దాచేస్తుంది. అప్పుడు సీఆర్‌పీ (ఒంట్లో ఇన్ఫెక్షన్, వాపు ఉంటే పెరిగేది, రక్తపరీక్షలో తెలుస్తుంది) కూడా చూడాలేమో డాక్టరును అడగండి.

గర్భిణులకు హిమోగ్లోబిన్ తప్పనిసరి, 11 కంటే తగ్గితే రక్తహీనతే. బహిష్టులో రక్తం ఎక్కువ పోతున్నా, రిపోర్టు నార్మలన్నా నీరసం వదలకపోయినా ఫెర్రిటిన్‌కు డబ్బు పెట్టండి. రిపోర్టు వచ్చేలోగా రాగిసంగటి తిన్న వెంటనే టీ తాగే అలవాటు మానండి, ఐరన్ ఒంటబట్టనివ్వదు.