లాములో నాలుగు రాత్రులు: ఊర్లో రెండు, షేలాలో రెండు

కెన్యా తీరంలో ఉన్న లాము దీవికి విమానం నేరుగా వెళ్ళదు. నైరోబిలోని విల్సన్ ఎయిర్‌పోర్ట్ నుంచి గంటన్నర ఎగిరి, పక్కనున్న మండా దీవిలో దిగి, అక్కడ పడవెక్కాలి. మొంబాసా నుంచి బస్సు చవకే, కానీ ఆ రోడ్డులో భద్రత బాగోలేదని చాలా దేశాలు తమవాళ్ళను హెచ్చరిస్తుంటాయి. డబ్బు పోతే పోయిందని విమానమే ఎక్కాం.

లాము పాతబస్తీ సందుల్లో కారు పట్టదు. ఇసుక, సిమెంటు, బియ్యం బస్తాలు అన్నీ గాడిదల మీదే. వెనకనుంచి గాడిద వస్తుంటే గోడకు అతుక్కుని నిలబడటం మొదటి గంటలోనే అలవాటవుతుంది. వాటికోసం 1987 నుంచి ఉచిత వైద్యశాల కూడా నడుస్తోంది. పగడపు రాయితో కట్టిన మేడలు, చెక్కిన తలుపులు, వీధి అరుగులు. 2001లో యునెస్కో ఈ ఊరిని వారసత్వ జాబితాలో చేర్చింది. ఫొటోల్లో కనపడనివి కూడా చెప్పాలి: తెరిచి ఉన్న మురుగు కాలువలు, పేడ వాసన. చెప్పులు జాగ్రత్త.

మొదటి రెండు రాత్రులు ఊర్లోనే ఒక పాత ఇంట్లో ఉన్నాం. గోడలు మూరెడు మందం, ఏసీ లేకపోయినా గది చల్లగానే ఉంది. 'సీ వ్యూ' అని బుకింగ్‌లో రాశారు. మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కన మునివేళ్ళ మీద నిలబడితే సముద్రం కనిపించింది, అబద్ధమనలేం! కరెంటు రోజూ పోయేది. తెల్లవారుజామున నాలుగు దిక్కుల నుంచి అజాన్. నిద్ర పల్చనివాళ్ళకు కష్టమే.

తర్వాత షేలా, అదే దీవిలోని బీచ్ గ్రామం. ఒడ్డు వెంబడి ముప్పావు గంట నడక, ఆటుపోట్లు చూసుకుని బయల్దేరాలి, పోటు మీద దారి మునుగుతుంది. కిలోమీటర్ల కొద్దీ బీచ్, జనమే లేరు. హోటల్లో స్విమ్మింగ్ పూల్, తెల్లటి పరుపులు, ఊర్లో ఇచ్చినదానికి రెట్టింపుకు పైగా బిల్లు. చాలా ఇళ్ళు విదేశీయుల విల్లాలే. రెండో రోజుకే మా వారు, "ఇది ఏ సముద్రం పక్కనైనా దొరుకుతుంది కదా" అన్నారు. నాకూ అలాగే అనిపించింది. మళ్ళీ వెళ్తే నాలుగు రాత్రులూ ఊర్లోనే, సాయంత్రాలు మాత్రం షేలాకి పడవలో.

తిండి విషయంలో శాకాహారులు భయపడక్కర్లేదు. పొద్దున్నే యాలకులు వేసి నూనెలో వేయించిన 'మహమ్రి' అనే రొట్టె, దానితో 'మ్బాజి'. మ్బాజి అంటే మన కందులే, పప్పు చేయకుండా గింజ గింజగా కొబ్బరిపాలల్లో ఉడికిస్తారు. ఇన్నేళ్ళుగా కందిపప్పు తింటూ ఇది మనకెందుకు తట్టలేదో! చింతపండు రసం చల్లగా గ్లాసులో అమ్ముతారు. రంజాన్ నెలలో వెళ్తే మాత్రం పగలు చాలా హోటళ్ళు మూసుంటాయి.

కోట 1821లో పూర్తయింది, 1984 దాకా జైలు. గంట చాలు. అసలు చూడాల్సింది మండా దీవిలోని తక్వా శిథిలాలు. పదిహేడో శతాబ్దంలో జనం వదిలేసి వెళ్ళిన ఊరు, మసీదు గోడల మధ్య పెద్ద పెద్ద బావోబాబ్ చెట్లు. మడ అడవుల కాలువలోంచి, పోటు ఉన్నప్పుడే పడవ పోతుంది. పడవతను "సా మ్బిలి" అన్నాడు. సా అంటే గంట, మ్బిలి అంటే రెండు అని మాకు తెలుసు, మధ్యాహ్నం రెండింటికి జెట్టీకి చేరాం. అతను పొద్దున ఎనిమిదింటికే వచ్చి, చూసి చూసి వెళ్ళిపోయాడట. స్వాహిలీలో గంటల లెక్క పొద్దు పొడిచినప్పటి నుంచి, మన పాత గడియల్లాగే. వాళ్ళ రెండు మన ఎనిమిది. ఆ పాటికి నీళ్ళు తీసేశాయి, ఆ రోజు పోయింది. అడిగేటప్పుడు "ఇంగ్లీష్ టైమా, స్వాహిలీ టైమా" అని తప్పకుండా అడగండి. బేరం మనిషికి కాదు, పడవ మొత్తానికి మాట్లాడుకోండి.

కెన్యాకి ఇప్పుడు వీసా బదులు ఆన్‌లైన్‌లో ఈటీఏ అనే ప్రయాణ అనుమతి తీసుకోవాలి. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందే వేయించుకోండి. తిరిగి శంషాబాద్‌లో దిగగానే పాస్‌పోర్టు కంటే ముందు ఆ టీకా వేసినట్టు ఇచ్చే పసుపు రంగు కార్డే అడిగారు. అది లేకపోతే 6 రోజుల దాకా క్వారంటైన్.