200 డాలర్ల బాకీ: పదిహేనేళ్ళుగా చూస్తున్న పేపర్ మూన్

మాది తిరుపతి, గోవిందరాజస్వామి గుడి దగ్గర సందులో చిన్న ఫ్యాన్సీ కొట్టు, గాజులు, కుంకుమ భరిణెలు, దేవుడి పటాలు, చెక్క బొమ్మలు అమ్ముతాం. 2009 బ్రహ్మోత్సవాలప్పుడు జనం ఒకరి మీద ఒకరు పడతా ఉంటే ఒకాయన వచ్చినాడు, ఇస్త్రీ చొక్కా, నుదుట నామం, మాట కూడా బలే మర్యాద. 20 రూపాయల కుంకుమ భరిణె తీసుకుని 500 నోటిచ్చినాడు, నేను 480 చిల్లర లెక్కపెట్టి చేతిలో పెట్టినాను. "ఉండన్నా, నా దగ్గర 20 ఉంది, ఆ పెద్ద నోటు ఇచ్చేయ్" అన్నాడు, సరే అని 500 వెనక్కిచ్చినా, 20 తీసుకున్నా, ఈలోపల కొండకి నడక దారి ఎట్లా, మెట్లు ఎన్ని గంటలు పడుతుంది అని అడగతా మాటల్లో పెట్టేసినాడు. ముందు నేనిచ్చిన చిల్లర ఆయన జేబులోనే ఉండిపోయింది. రాత్రి గల్లాపెట్టె లెక్క చూస్తే సరిగ్గా 480 తక్కువ.

ఆ కడుపుమంటలో ఉన్నప్పుడే ఫ్రెండ్ ఒకడు పేపర్ మూన్ అనే ఈ ఇంగ్లీషు సినిమా పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చినాడు. మోసగాళ్ళ కామెడీ అంటే నాకెందుకురా అన్నా, దొంగోణ్ణి చూసి నవ్వే మూడ్ లేదప్పుడు. అప్పటినుంచి ఏడాదికొకసారైనా చూస్తున్నా, అందుకే ఇది ఒక్కసారి చూసి రాసే రివ్యూ కాదు.

కథ 1930ల్లో అమెరికాలో, కాన్సస్ వైపు, జనానికి పనుల్లేక చేతిలో రూపాయి ఆడని కరువు కాలంలో జరుగుతుంది. మోజెస్ ప్రే అనేవాడి పని ఏందంటే పేపర్లో చావు కబుర్లు చదివి, మొగుడు పోయిన ఆడమనిషి ఇంటికి పోయి, "మీ ఆయన మీ పేరు బంగారు అక్షరాల్లో అచ్చేయించి బైబిల్ ఆర్డర్ ఇచ్చినాడమ్మా" అని చెప్పి డబ్బులు తీసుకోవడం. మొదటి సీన్లోనే వాడి సంగతి తెలిసిపోతుంది, తెలిసినామె ఒకామె చనిపోతే అంత్యక్రియలకి వచ్చి పక్క సమాధి మీది పూలు తీసి ఈమెకి పెడతాడు. ఆమె కూతురే ఆడీ. ఊరోళ్ళు ఆ పాపని వాళ్ళమ్మ తోడబుట్టినామె ఇంటికి చేర్చమని వీడికి అప్పజెప్తారు. వాడే తండ్రా కాదా అనేది సినిమా చివరిదాకా తేల్చరు, కానీ గడ్డం ఒకేలా ఉందే అని అందరూ అంటా ఉంటారు. ఉంటుంది మరి, ఆ ఇద్దరూ రయన్ ఓనీల్, టేటమ్ ఓనీల్, నిజంగానే తండ్రీకూతుళ్ళు. టేటమ్‌కి దీనికి సహాయనటిగా ఆస్కార్ వచ్చింది, అప్పటికి పదేళ్ళు, పోటీలో గెలిచినవాళ్ళలో ఇప్పటికీ ఆ పాపే చిన్నది.

నన్ను పట్టేసింది కేఫ్ సీను. వాళ్ళమ్మ చావుకి కారణమైన కారు డ్రైవర్ తోడబుట్టినోడి దగ్గర మోజెస్ 200 డాలర్లు గుంజి దాంతో తన కారు బాగుచేసుకుంటాడు, పాపకి రైలు టికెట్ కొనిచ్చి వదిలించుకుందామని ప్లాను. పాప అంతా వినేసి ఉంటుంది. కేఫ్‌లో కూర్చుని తినమంటే తినదు, "నా 200 డాలర్లు నాకు కావాలి" అని నలుగురూ తిరిగి చూసేలా అరుస్తుంది. ఏడుపు లేదు, బతిమాలడం లేదు, లెక్క అడిగింది అంతే. డబ్బులు ఖర్చయిపోయినాయి కాబట్టి ఆ బాకీ తీరేదాకా పాపని వెంట తిప్పుకోవాల్సిందే. కొట్టు నడిపేవాడిగా నాకు ఆ పిల్ల మీద అప్పుడే గౌరవం వచ్చేసింది.

ఇక చిల్లర మోసం. మోజెస్ ఒక షాపులో 20 డాలర్ల నోటు ఇచ్చి ఏదో కొంటాడు, రొంత సేపటికి ఆడీ అదే షాపుకి పోయి 5 ఇచ్చి కొని, నేను 20 ఇచ్చినాను, పుట్టినరోజుకి మా అత్త పంపింది, దాని మీద రాసుంటుంది చూడండి అని కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. గల్లా తీసి చూస్తే నిజంగానే రాసిన నోటు ఉంటుంది, ముందు మోజెస్ ఇచ్చిందే అది. మొదటిసారి చూసినప్పుడు నేను కుర్చీలోంచి లేచి నిలబడినాను. నా దగ్గర జరిగింది వేరే రకం గానీ కిటుకు ఒకటే, మన కన్ను డబ్బు మీదనుంచి మనిషి మీదికి మళ్ళించడం. ఆరోజునుంచి చిల్లర ఇచ్చి, లావాదేవీ అయిపోయేదాకా ఆ పెద్ద నోటు గల్లాలో వేయను, బల్ల మీదే బరువు కింద పెడతాను. మా కొట్టులో కుర్రోడికీ అదే నేర్పినా.

మోసగాడు మంచోడైనట్టు చూపించడానికి మన సినిమాల్లో గుడి మెట్ల మీద పెద్ద డైలాగు ఉంటుంది. ఇందులో అట్లాంటిది లేదు, వాడు మారినానని ఒక్కసారీ అనడు. బైబిల్ అమ్మడానికి ఒక ఇంటికి పోతే ఆడీ లోపలికి చూస్తుంది, ఇంటి నిండా పిలకాయలు, లేమి కనపడతా ఉంటుంది, వెంటనే "మీ ఆయన డబ్బులు ముందే కట్టేసినాడు" అనేసి పుస్తకం ఊరికే ఇచ్చేస్తుంది. నగలు పెట్టుకున్న ఆమె ఇంట్లో అయితే ధర అమాంతం పెంచేస్తుంది. మోజెస్ కారులో అరుస్తాడు గానీ ఆపలేడు. ఆ అరుపు సీనే నాకు వాడు మారడం మొదలైన చోటు అనిపిస్తుంది, ఎందుకంటే పాప చెప్పినదానికి వాడి దగ్గర జవాబు లేదు.

బ్లాక్ అండ్ వైట్ అని ఆపేయకండి. 1973లో కలర్ ఉండి కూడా డైరెక్టర్ పీటర్ బొగ్డనోవిచ్ కావాలనే అట్లా తీసినాడు, ఇంకో పెద్ద డైరెక్టర్ ఆర్సన్ వెల్స్ సలహాతో కెమెరాకి ఎర్ర ఫిల్టర్ వాడినారు, అందుకే ఆ ఆకాశం అంత నల్లగా, మబ్బులు అంత తెల్లగా ఉంటాయి. పాత ఫోన్లో చూస్తే ఇది పోతుంది, టీవీలో చూడండి. ఆ యాస నాకు ఇప్పటికీ సగమే అర్థమవుతుంది, సబ్‌టైటిల్స్ పెట్టుకోవాల్సిందే.

నచ్చనివి ఉన్నాయి. తన కారు బదులు పాత లారీ తీసుకోడానికి మోజెస్ కుస్తీ పట్టే భాగం రెండోసారికే నవ్వు రాలేదు. తిరనాళ్ళలో మోజెస్ మోజుపడి వెంట తెచ్చుకునే డాన్సర్ ట్రిక్సీ, ఆమె దగ్గర పనిచేసే ఇమోజీన్ అనే నల్లజాతి అమ్మాయి కథ మధ్యలో వదిలేసినారు, జీతం లేకుండా ఆ పిల్ల పడే అగచాట్లు చూస్తే నవ్వు ఆగిపోతుంది, ప్రతిసారీ ఆ తర్వాత ఏమైందో అనిపిస్తుంది. ట్రిక్సీగా మేడలిన్ కాన్ మాత్రం అద్భుతం, గుట్ట ఎక్కొచ్చి అలిగిన పాపని బతిమాలేటప్పుడు, నా కాలం ఎట్లాగూ ఎక్కువరోజులు నిలవదులే అని చెప్పుకునేటప్పుడు ఆ నవ్వు మొహం వెనకాల భయం కనిపిస్తుంది.

2014లో మా పాపకి తొమ్మిదేళ్ళు, అప్పుడు దాంతో కలిసి చూసినా. మధ్యలో "నాయనా, ఆ యప్ప 200 ఇచ్చేస్తే ఆ పాప ఎళ్ళిపోవాల్సొస్తాది కదా, ఇయ్యకుండా ఉంటే బాగుంటాది" అనింది. ఐదేళ్ళు చూసినా నాకు తట్టని మాట అది.

చివర్లో డబ్బంతా పోయి, దెబ్బలు తిని, పాపని వాళ్ళమ్మ తోడబుట్టినామె ఇంటి ముందు దింపేసి మోజెస్ వెళ్ళిపోతాడు. దారిలో లారీ ఆపితే సీట్లో ఒక ఫోటో దొరుకుతుంది, తిరనాళ్ళలో కాగితం చందమామ మీద ఆడీ ఒంటరిగా కూర్చుని దిగింది, పక్కన కూర్చోడానికి వాడికి అప్పుడు తీరిక లేకపోయింది. తలెత్తి చూస్తే దూరంగా పెట్టె మోసుకుంటా పాప వస్తా ఉంటుంది. నువ్వు నాతో రావొద్దని చెప్పినా కదా అంటాడు. "నువ్వు నాకింకా 200 బాకీ" అంటుంది. వాడు టోపీ నేలకేసి కొట్టేలోపు బ్రేకు నిలవని లారీ పల్లానికి దొర్లడం మొదలెడుతుంది, ఇద్దరూ దాని వెనకాల పరిగెత్తి ఎక్కుతారు. మొన్న సంక్రాంతికి మా పాప హాస్టల్ నుంచి వచ్చినప్పుడు మళ్ళీ చూసినాం, ఆ లారీ వంకర రోడ్డు మీద చిన్నదైపోయేదాకా ఇద్దరం రిమోట్ ముట్టుకోలేదు.